బొట్లు పెట్టిన డబ్బాలో జెల్

2003 డిసెంబరు 24, బుధవారం, ఉదయం తొమ్మిదింపావు. రాజమండ్రిలో నేను పనిచేసే బేకరీలో ఓవెన్ నిండా కేకులు పొంగుతున్నాయి. కొవ్వూరు చర్చిలో పిల్లలకి పంచాల్సినవి.

కేకు పిండిలో కేక్ జెల్ వేస్తాం. అదొక ఎమల్సిఫయర్. నూనె, నీళ్ళు విడిపోకుండా పట్టి ఉంచుతుంది, పిండిలో గాలి నిలబెడుతుంది. కొట్టు తెరిచిన రోజున కొన్న జెల్ డబ్బాకి మా ఓనరు సత్యం పసుపు, కుంకుమ బొట్లు పెట్టాడు. కొత్త సరుకు ఏది వచ్చినా అందులోకి ఎత్తే వాడాలని వాడి పట్టు. ఎత్తేది నేను. కొత్త డబ్బా మీద ఏముందో ఎవరమూ చూడలేదు.

ఆ రోజు ఖాళీ అయిన కొత్త డబ్బా కడగబోతే దాని పక్కన ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. యాభై రెండో ఏట మేరీ టీచరుగారి దగ్గర దిద్దుకున్నవాణ్ణి, కూడబలుక్కున్నాను. నాట్. ఫుడ్.

చర్చి కేకుల కోసం టీచరుగారు అప్పుడే వచ్చారు.

"అమ్మా, ఇది కాస్త చదవండి. నేనే తప్పు చదివానేమో."

"సరిగ్గానే చదివారండీ అప్పారావు గారూ. తినేవాటిలో వాడకూడదని ఉంది. సబ్బుల తయారీకట."

సత్యం లోపలికొచ్చాడు. "నాలుగక్షరాలు రాగానే నాకే పాఠాలేంటి బాబాయ్? చవగ్గా వచ్చిందని తెచ్చాను. నెల్లాళ్ళుగా వాడుతున్నాం, ఎవరికైనా ఏమైనా అయ్యిందా?"

"అయితే నీకొచ్చి చెప్తార్రా?"

టీచరుగారు మెల్లగా అడిగారు. "మొన్నాదివారం మా పాప పుట్టినరోజు కేకు?"

చేసింది నేను గనక నేనే చెప్పాను. "ఇందులోదేనమ్మా."

ఆవిడ ఆ డబ్బా అందుకుని మళ్ళీ మొదట్నుంచీ చదివారు. నాకు అక్షరం పెట్టిన మనిషి బిడ్డకి నేను పెట్టింది అదీ.

ఓవెన్ చూసే నూకరాజు చేత మంట ఆర్పించాను. కేకులన్నీ పెరట్లో కుమ్మరించి కిరసనాయిలు పోశాను, మళ్ళీ ఎవడూ అమ్మకుండా. సత్యం కేకలేశాడు. కాసేపటికి బొట్ల డబ్బా వాడే తెచ్చి ఆ కుప్ప మీద బోర్లించాడు. గుడ్లు చేత్తో గిలకొట్టి, జెల్ లేకుండా మళ్ళీ చేశాం. గట్టిగా వచ్చాయి. టీచరుగారు సాయంత్రం దాకా ఆగి తీసుకెళ్ళారు.

పాపకి ఏమీ కాలేదు. అది మా గొప్ప కాదు.

తినే జెల్ అయినా ఇంతే వెయ్యాలని డబ్బా మీద తూకం రాసి ఉంటుంది. నేను అన్నాళ్ళూ గరిటెతో, కంటి లెక్కన వేశాను. ఆ తర్వాత చదవకుండా, తూచకుండా ఏదీ పిండిలో వెయ్యలేదు. ఏ సరుకునీ దాని డబ్బాలోంచి వేరే డబ్బాలోకి మార్చలేదు.

ఆ రోజు అక్కడున్నది నలుగురం: సత్యం, మేరీ టీచరుగారు, నూకరాజు, అప్పారావు అనే నేను.