రెండు బెల్లం ముద్దలు, ఒక గ్రీకు మాట

మొన్న మా అమ్మాయి ఇంటర్ లెక్కల పుస్తకం ముందేసుకుని పరావలయం గీస్తూ, "అమ్మా, దీన్ని పారబోలా అని ఎందుకంటరు?" అని అడిగింది. "పక్కన పెట్టడం అని అర్థం. గ్రీకు మాట" అన్నాను, తడుముకోకుండా. పదో తరగతి రెండుసార్లు తప్పిన తల్లి నోట గ్రీకు వినేసరికి దాని పెన్సిల్ ఆగిపోయింది. నాకు గ్రీకు నేర్పింది బడి కాదు, బెల్లం.

అప్పుడు రెండువేల పన్నెండు, మా అమ్మాయి ఇంకా చిన్నపిల్ల. ఎల్లారెడ్డిలో మా బాపు కిరాణా దుకాణం అన్న చూసేవాడు. గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. మా దుకాణదారుల ఇళ్లలో సరుకును నోటితో పొగడరు, తిట్టరు. పక్కన ఇంకొకటి పెట్టి ఊరుకుంటారు. గాంధారి దిక్కు నుంచి ఒక అవ్వ ఏటా ఉగాదికి ముందు తన పొయ్యి మీద వండిన నల్లటి బెల్లం ఆటోలో తెచ్చేది. నేను మాట్లాడకుండా కామారెడ్డి నుంచి తెప్పించిన పసుపుపచ్చటి బెల్లం ముద్దను దాని పక్కన పెట్టేదాన్ని. పాపం, అవ్వే ధర దించేది. అదంతా నా తెలివి అనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు నా తెలివి అన్నకు అంటుకుంది. "బంగారమసొంటి బెల్లం దొరుకుతుంటే గీ బురద ఎవలు కొంటరవ్వా? తీస్కపో" అన్నాడు. అవ్వ కోపం చేయలేదు. "మీరు గూడ వద్దంటె పొయ్యి ఆర్పేస్త బిడ్డా. చెరుకు దున్ని మక్క పెడ్త" అంటూ మూట కట్టుకోబోయింది. ఏళ్ల తరబడి ఆ రంగును చిన్నబుచ్చింది నేనే కదా.

సరిగ్గా అప్పుడే, మా మేడ మీద కిరాయికున్న లెక్కల సారు చాయ్‌పత్తాకు దిగివచ్చి రెండు ముద్దలనూ చూశాడు. "గ్రీకులు దీన్నే పారబొలే అంటరమ్మా" అని మొదలుపెట్టాడు. 'పార' అంటే పక్కన, 'బొలే' అంటే వేయడం. పక్కపక్కన వేసి పోల్చడం కాబట్టి, పోలికతో చెప్పే నీతికథకూ అదే పేరొచ్చిందట. ఒక గీత పక్కన వైశాల్యాన్ని పెడితే అతికినట్టు సరిపోయిన చోట పుట్టిన వంపుకూ, అంటే పరావలయానికీ, అదే పేరట. ఆ మాటే దేశాలు తిరిగి, ఫ్రెంచివాళ్ల దగ్గర 'పరోల్'గా మారి, దానికి ఉత్త 'మాట' అనే అర్థమే మిగిలిందట. ఇంకొకటి కూడా చెప్పాడు: ఆ కుదురులోనే పణం పెట్టడమనే అర్థమూ ఉందట.

అది వినగానే నాలో బేరగత్తె లేచింది. "అన్నా, రెండూ గిట్లనే పక్కపక్కన ఉగాది దాక ఉండనీ. అవ్వ బెల్లం ఓడితే నేను మళ్ల గల్లా మీద కూసోను" అన్నాను. అన్న నవ్వాడు. "కూసోకుంటె దుకాణం బాగుపడ్తది చెల్లె!" అన్నాడు గానీ ఒప్పుకున్నాడు. అవ్వ ఒక ముద్ద మా దగ్గర వదిలి, మిగతా మూటతో ఊరికి వెళ్లింది.

మొదటి వారం వచ్చినవాళ్లంతా పచ్చదాన్నే చూపించారు. నేను చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. తర్వాత అకాలపు వాన పడింది, గాలి చెమ్మగిల్లింది. రంగు కోసం మందు వేసిన పచ్చ ముద్ద చెమటలు కక్కి, మచ్చలు పడి, మెత్తబడి కూలింది. అవ్వ ముద్ద వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే, రాయిలా కూర్చుంది. చూసినవాళ్లు చిటికెడు గిల్లుకుని తిన్నారు. ఒక్కరూ పచ్చదాన్ని అడగలేదు. అన్న తనే గాంధారి ఆటోవాడితో కబురు పంపాడు.

అవ్వ మూడు మూటలతో దిగింది. నేను అలవాటుగా బేరం మొదలుపెట్టాను. "పక్కన ఏం పెడ్తవో పెట్టు బిడ్డా, సూద్దాం" అంది, నడుం మీద చేయి వేసుకుని. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. జీవితంలో అంత సంతోషంగా ఏ బేరమూ ఓడిపోలేదు. ఆ ఏడు పండక్కి ఊళ్లో సగం ఇళ్ల పచ్చడిలో కలిసింది ఆ నల్ల బెల్లమే. అవ్వ పొయ్యి ఆరలేదు.

రెండింటిని పక్కపక్కన పెడితే చాలు, ఏది మేలో తేలిపోతుందని అనుకున్నాను అన్నాళ్లూ. వాటిని పోల్చి చెప్పేది మాత్రం, తొందర లేకుండా గడిచే రోజులే.