అందరి కళ్ళల్లో ఆవిడే

భార్యాభర్తలు కలిసి పనిచేస్తే ఇల్లు స్వర్గమైపోతుందని చెప్పేవాళ్ళు బహుశా ఎప్పుడూ కలిసి పనిచేసి ఉండరు. నీడబాబుని ఒక్కసారి అడిగుంటే సంగతి తెలిసేది.

నీడబాబు అతని అసలు పేరు కాదు. ఎండలో నిలబెట్టి ఫోటో తీయడం అతనికి గిట్టదు. "కాస్త నీడలోకి రండి బాబూ" అన్నది ఊతపదం. పేటలోవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి, ఆ పేరే ఖాయం చేశారు. స్టూడియో అని బోర్డయితే ఉంది గానీ, లోపల ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు తప్ప ఏమీ లేవు. పనంతా బయటే. పార్కుల్లో, బళ్ళ ఆవరణల్లో, మేడల మీద. ఫ్లాషు లైట్లంటే అతనికి పడదు. ముఖం మీద చెంబుడు నీళ్ళు కొట్టినట్టుంటుందంటాడు.

అతని సరంజామా రెండే వస్తువులు. ఒకటి, చట్రానికి బిగించిన పల్చటి తెల్లగుడ్డ. దాన్ని మనిషి నెత్తిమీద అడ్డం పెడితే మిట్టమధ్యాహ్నపు ఎండ కూడా వడకట్టినట్టు మెత్తగా దిగుతుంది. రెండోది గుండ్రటి రిఫ్లెక్టరు. ఇంట్లో దాన్ని పళ్ళెం అంటారు. ఒకవైపు తెలుపు, ఒకవైపు వెండి. మనిషికి ఎదురుగా, ఓ పక్కగా పట్టుకుంటే వెలుతురు వెనక్కి మళ్ళి ముఖం మీద పడుతుంది. కళ్ళకింది గుంటలు, గడ్డం కింది నలుపు చెరిపేసినట్టు పోతాయి. చట్రం స్టాండు మీద నిలబడుతుంది. పళ్ళెం మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ భార్యే పట్టేది.

పట్టుకుని ఊరుకునే మనిషి కాదావిడ. ఎదుటివాళ్ళు కర్రలా బిగుసుకుపోతే చాలు, అందుకునేది.

"ఏం బాబాయ్, బ్యాంకులో అప్పడిగేవాడిలా ఆ ముఖమేంటి? మేమేం హామీ సంతకం అడగంలే."

బాబాయ్ ఫక్కున నవ్వేవాడు. క్లిక్. ఆ నవ్వు తన చేతి చలవేనని నీడబాబు నమ్మకం.

ఆ నమ్మకంతోనే హాయిగా ముసలివాడైపోయేవాడు, పక్కకొట్టు టైలరు నోరు మూసుకుని ఉంటే. ఓ రోజు టైలరు గోడమీది ఫోటోలన్నీ ఓ చుట్టు చూసి అన్నాడు:

"అన్నయ్యా, ఎప్పుడైనా గమనించావా? వీళ్ళెవరూ నీకేసి చూడట్లేదు. అందరూ వదినకేసే చూస్తున్నారు."

"వెలుతురు అటునుంచి వస్తే అటే చూస్తారు. నీకేం తెలుసు, పోయి గుండీలు కుట్టుకో."

"నాకేం తెలీదులే. వదిన చేతిలో చీపురున్నా అటే చూస్తారు."

టైలరు వెళ్ళగానే నీడబాబు కంప్యూటర్లో ఓ ముఖం తెరిచి కన్ను పెద్దది చేశాడు. ఫోటోలో కంటికి ప్రాణం పోసేది నల్లగుడ్డు మీద మెరిసే చిన్న తెల్లచుక్క. అది పళ్ళెం ప్రతిబింబం. ఇన్నేళ్ళూ దాన్ని చుక్కగానే చూశాడు. ఇంకాస్త పెద్దది చేస్తే పళ్ళెం అంచున వేళ్ళు, పక్కకి వంగిన తల. భార్య. ఇంకో ముఖం తెరిచాడు. భార్యే. కొత్తగా ఉద్యోగమొచ్చిన కుర్రాడి కళ్ళల్లో, రిటైరైన పోస్టుమాన్ కళ్ళల్లో, ఇంకా పళ్ళు రాని పసిపిల్ల కళ్ళల్లో, ఎక్కడ చూసినా భార్యే. తనెక్కడైనా ఉన్నాడా అని వెతికాడు. ఒకచోట నల్లగా ఏదో ముద్ద కనిపించింది. అదే తనై ఉండాలి. లేదా పార్కులో చెత్తబుట్ట.

పెళ్ళాం పరాయి మగాడితో నవ్విందని కుళ్ళుకునేవాడికి కనీసం ఓదార్చే స్నేహితులుంటారు. జనం తన కెమెరాకి కాకుండా తన పెళ్ళానికి నవ్వుతున్నారని కడుపు మండేవాడు ఎవరితో చెప్పుకుంటాడు? ఇద్దరిదీ ఒకటే సంసారం, ఒకటే కొట్టు, ఎవరికి నవ్వితే ఏం అనొచ్చు. అనడం తేలిక. బోర్డు మీదున్నది తన వృత్తి, ముఖాలు విచ్చుకునేది ఆవిడకి. అయితే తనెవరు? మీట నొక్కేవాడు. ఆ ఆలోచన చెప్పులో రాయిలా అడుగడుక్కీ గుచ్చుకోసాగింది.

ఆ మంటలో ఉండగానే నర్సుల కాలేజీ నుంచి ఫోనొచ్చింది. పెద్ద టీచరమ్మ రిటైరవుతోంది, హాల్లో గోడకి ఆవిడ ఫోటో కావాలి. ఫోను చేసింది కూడా ఆవిడే. అడిగిన మొదటి మాట: "మీ ఆవిడ వస్తుందిగా?"

"తనకి వీలుపడదండి."

పక్కనే బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తింది. "నాకెందుకు వీలుపడదు?"

"పళ్ళేనికి కూడా స్టాండు కొన్నాను."

"ఓహో" అంది. అంతే. తువ్వాలు మాత్రం నాలుగు మడతల చోట ఎనిమిది మడతలైంది.

కాలేజీ ఆవరణలో చెట్టుపక్కన టీచరమ్మని కూర్చోబెట్టాడు. నెత్తిమీద గుడ్డ, ఎదురుగా స్టాండు మీద పళ్ళెం. ఇవాళ తన తడాఖా చూపించాలి కదా, తెలుపు వదిలేసి వెండివైపు తిప్పాడు. టీచరమ్మ కళ్ళు చికిలించింది.

"నవ్వండమ్మా."

"ఎందుకు?"

న్యాయమైన ప్రశ్నే. అంతలో గాలి లేచి స్టాండుని పడదోసింది. అతను పరిగెత్తి పళ్ళేన్ని కౌగిలించుకుని పూలకుండీ మీద బోర్లా పడ్డాడు. టీచరమ్మ అప్పుడు నవ్వింది, పొట్ట పట్టుకుని మరీ. కెమెరా దగ్గర ఎవరూ లేరు.

ఫోటోలు చూసి ఆవిడ అంది: "వెలుతురు బాగుంది బాబూ. దానికింద కూర్చున్నదెవరు? ఇది గోడకి పెడితే పిల్లలు హాల్లోకి రావడం మానేస్తారు. మీ ఆవిణ్ణి తీసుకొస్తే రండి, లేకపోతే వద్దు."

ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ, గోడతో చెప్పినట్టు చెప్పాడు: "టీచరమ్మ నిన్ను రమ్మంటోంది."

"ఏమండీ, స్టాండుకి జ్వరమొచ్చిందా?"

"వస్తావా, రావా?"

"వస్తా. కానీ ముందు నన్ను తియ్యాలి. ఊళ్ళో అందర్నీ తీశారు. గుర్తింపు కార్డుకి తప్ప నన్నెప్పుడైనా తీశారా?"

"నిన్ను తీస్తే పళ్ళెం ఎవరు పడతారు?"

"స్టాండుందిగా!"

మర్నాడు భార్య ఆ చెట్టుపక్క కుర్చీలో కూర్చుంది. టీచరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. ఈసారి తెలుపువైపే పెట్టాడు, గాలికి స్టాండు కాళ్ళమీద ఇటుకలు పేర్చాడు. వెలుతురు వెన్నలా ఉంది. కెమెరాలోంచి చూస్తే భార్య ముఖం దించేసిన కొట్టు షట్టరులా ఉంది.

నీడబాబు పళ్ళేన్ని ఇంకో అంగుళం జరిపాడు. ఊళ్ళోవాళ్ళ సంగతి సరే. ఇంట్లో మనిషి ముఖం కూడా తనకి విచ్చుకోకపోతే ఇక బోర్డు దింపేసుకోవచ్చు.

"బ్యాంకులో అప్పడిగేదానిలా ఆ ముఖమేంటి?" అన్నాడు.

"అది నా మాట. మీ సొంతది చెప్పండి."

అతను మళ్ళీ కెమెరాలో తల దూర్చాడు. టీచరమ్మకి విసుగొచ్చి స్టాండు మీంచి పళ్ళెం ఊడబెరికింది. వెండివైపు తిప్పి, మోకాళ్ళ దగ్గర వంకరగా పట్టుకుంది. అలా పడితే వెలుతురు కిందనుంచి కొట్టి ముఖం దెయ్యంలా వస్తుందని నీడబాబు అరవబోయాడు. ఆవిడ వంగి భార్య చెవిలో ఏదో అని పక్కకి తప్పుకుంది. భార్య తల వెనక్కి వాల్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నీడబాబు వేలు దానంతటదే మీట నొక్కింది.

ఫోటోలో ఒక చెంప వెలుతురు ఎక్కువై తెల్లగా మాడిపోయింది. గడ్డం కింద అక్కర్లేని మెరుపు. అయినా అది అతను తీసినవాటిల్లోకెల్లా మంచి ఫోటో, ఆ సంగతి అతనికి తెలుసు. తర్వాత భార్య పళ్ళెం పట్టింది, టీచరమ్మ నవ్వింది, ఆవిడ ఫోటో హాల్లోకెక్కింది.

భార్య ఫోటో స్టూడియో గోడకెక్కింది.

"అన్నయ్యా, ఇది నువ్వే తీశావా?" అన్నాడు టైలరు.

"మరెవరు తీస్తారు?"

"పళ్ళెం పట్టింది మాత్రం టీచరమ్మ" అంది భార్య లోపల్నుంచి.

టైలరు పోగానే నీడబాబు ఆ కన్ను పెద్దది చేశాడు. తెల్లచుక్కలో టీచరమ్మ, ఎంచక్కా వంగి. అసూయ తగ్గలేదు, ఇల్లు మారిందంతే. ఇప్పుడు ఆ పెద్దావిణ్ణి తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

"ఇంతకీ ఆవిడ నీ చెవిలో ఏమంది?"

"ఏదో అందిలెండి."

"నా గురించేనా?"

భార్య పళ్ళేన్ని ఒక్క మెలిక తిప్పి సంచిలో దూర్చింది. అది మడవడం అతనికి ఇప్పటికీ రాదు.

"మీరోసారి ఆ కుర్చీలో కూర్చోండి. కెమెరా నాకివ్వండి. అప్పుడు చెప్తా."

ఆ మాట తెలుసుకోవాలని అతనికి ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. కుర్చీ అక్కడే ఉంది. కెమెరా మాత్రం ఇంకా అతని మెడలోనే వేలాడుతోంది.