చూశాను, కానీ చెప్పలేదు

ఒక అబద్ధాన్ని కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఒకే ఒక్క మాట. "చూడలేదు" అన్నాను. నిజానికి చూశాను. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాకు. అందులో కూడా రాయలేదు. ఆ రోజు పేజీ తీస్తే వాన గురించి ఉంటుంది, అమ్మ చేసిన వంకాయ కూర గురించి ఉంటుంది. నాకోసం నేను రాసుకునే చోట కూడా ఎందుకు తప్పించుకున్నాను? ఎవరు చదువుతారని భయపడ్డాను? అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. నాలాంటివాళ్లకు అలా అయితేనే గొంతు పెగులుతుంది.

నాకు నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పడతాయి. నాన్న ఉద్యోగం కోసం విజయనగరం నుంచి హైదరాబాద్ వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డాం. ఇంటికి ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోతాను. "ఏటే, ఆ పుస్తకంలోకి దూరిపోనావా? బైటికొచ్చి ఓ మాట పలకరించవే!" అని అమ్మ కేకేస్తుంది. లైబ్రరీ పుస్తకాల్లో అచ్చుతప్పు కనిపిస్తే పెన్సిల్‌తో, కనీకనిపించనట్టు దిద్దుతాను. రాసినవారికి ఆ సంగతి తెలియదు. ఎవరి మనసూ నొచ్చుకోదు. చాలాకాలం అది నాలోని మంచి గుణం అనే అనుకున్నాను.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, రెజిమెంటల్ బజార్‌లో ఒక స్టేషనరీ షాపు పైన ఉన్న ట్యూషన్ గదిలో కొంతమంది ఆదివారాలు కలుసుకుని ఒక వెబ్‌సైట్ తయారుచేస్తున్నారని తెలిసి వెళ్లాను. చూపులేని విద్యార్థులు పరీక్ష రాయాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. వాళ్లు జవాబులు చెబుతుంటే ఆ మనిషి కాగితం మీద రాస్తారు. స్క్రైబ్ అంటారు. స్క్రైబ్ దొరక్క పరీక్షలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మా వెబ్‌సైట్‌లో విద్యార్థి తన పరీక్ష తేదీ, కేంద్రం నమోదు చేస్తే, ఆ రోజు ఖాళీగా ఉన్న వాలంటీరు ఎవరో ఒకరు ఒప్పుకుని నేరుగా కేంద్రం గేటు దగ్గరికి వెళ్తారు. అంతే దాని పని.

అది ఓపెన్ సోర్స్. అంటే, ఆ వెబ్‌సైట్‌ను నడిపించే కోడ్ అంతా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, మెరుగుచేసి పంపవచ్చు. పంపినదాన్ని ఇంకొకరు చదివి, లోపాలుంటే దాని కిందే కామెంట్ రాస్తారు. లేకపోతే "అప్రూవ్" అని నొక్కుతారు. అప్పుడే అది అసలు వెబ్‌సైట్‌లో కలుస్తుంది. ఎవరు రాసినా సరే, రెండో మనిషి చదవాల్సిందే. నాకు ఆ పద్ధతి తెగ నచ్చింది. నోరు విప్పకుండానే పదిమందితో కలిసి పనిచేయవచ్చు! చదవడం, రాయడం. నాకు వచ్చినవి ఆ రెండే కదా.

ఆ పని మొదలుపెట్టింది నరేష్ అన్న. మల్కాజ్‌గిరిలో ఉంటాడు, ఏదో కంపెనీలో ప్రోగ్రామర్. నేను మొట్టమొదట పంపిన మార్పు కింద, అందరూ చూసేచోట, మూడు లోపాలు చూపించి రాశాడు. చదువుతుంటే చెవులు కాలిపోయాయి. ఆ ఆదివారం వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. నన్ను చూడగానే నవ్వి, "ఏంది చెల్లె, గుస్సా అయినవా? తప్పు చెప్పుడు అంటే మనిషిని తిట్టుడు కాదు. నీ కోడ్ మంచిగ కావాల్నని చెప్పుడు," అన్నాడు. కలిసి పనిచేయడం అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. ఇంకో సంగతి కూడా నేర్పాడు. మా వెబ్‌సైట్ వాడేవాళ్లకు తెర కనిపించదు, మౌస్ వాడరు. కీబోర్డు మీటలు నొక్కుతూ పోతే, తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. అందుకని ఏ మార్పు వచ్చినా సరే, మౌస్ పక్కన పెట్టేసి పరీక్షించి చూడాలి. ఆ నియమం పెట్టింది నరేష్ అన్నే.

ఆ నియమాన్ని ఒకసారి ఆయనే మర్చిపోయాడు.

పరీక్షల కాలం దగ్గరపడింది. తేదీ నమోదు చేసే పాత పెట్టె అందవికారంగా ఉండేది. దాని చోట నరేష్ అన్న ఒక కొత్త క్యాలెండర్ రాసి పంపాడు. చదవమని నన్ను అడిగాడు. నన్ను! ఆ మార్పు కింద అప్పటికే అందరూ మెచ్చుకుంటూ రాసేశారు. నేను మౌస్ పక్కన పెట్టి చూశాను. మీట నొక్కాను. కంప్యూటర్ క్యాలెండర్‌ను దాటేసి కింది గడిలోకి వెళ్లిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. తేదీ మార్చే దారే లేదు. పరీక్ష ఎప్పుడైనా సరే, నమోదు చేస్తున్న రోజు తేదీయే పడిపోతోంది.

"అన్నా, మౌస్ లేకుండా తేదీ ఎంచుకోవడం కుదరడం లేదు." కామెంట్‌లో ఇంతవరకు రాశాను. వాక్యం సూటిగానే ఉంది, మర్యాదగానే ఉంది. చాలాసేపు దానివంక చూశాను. ఇంతమంది మెచ్చుకున్నాక నేను తప్పుపట్టడమా? నాకు నేర్పిన మనిషినే, ఆయన పెట్టిన నియమంతోనే, అందరి ముందూనా? చెరిపేశాను. "అప్రూవ్" నొక్కాను. రేపు నేనే దీన్ని సరిచేసి, ఇంకేదో మార్పుతోపాటు చప్పుడు లేకుండా పంపించేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆయనకు తెలియనే తెలియదు. పెన్సిల్‌తో దిద్దినట్టే.

మర్నాడు కూర్చున్నాను. నాకు చేతకాలేదు. అది నేను అనుకున్నదానికన్నా చిక్కైన పని. ఆ మర్నాడు కాలేజీలో పరీక్ష. ఆ తర్వాత ఇంకేదో. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అలా అనుకుంటూ ఊరుకున్నాను. ఎవరికీ ఏమీ కాదులే అని నిజంగానే నమ్మానా, నమ్మినట్టు నటించానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

భవాని అనే డిగ్రీ విద్యార్థిని ఆ వెబ్‌సైట్‌లో స్క్రైబ్ కోసం నమోదు చేసుకుంది. తేదీ ఆ రోజుదే పడింది. మర్నాటికల్లా, గడిచిపోయిన తేదీ కనుక, ఆమె పేరు వాలంటీర్లకు కనిపించకుండా పోయింది. ఆమెకు మాత్రం నమోదు అయిందన్న సందేశం వెళ్లింది. ఎప్పటిలాగే స్క్రైబ్ గేటు దగ్గరికి వస్తారనుకుంది. పరీక్ష రోజు వాళ్లమ్మతో వెళ్లి గేటు దగ్గర నిలబడింది. ఎవరూ రాలేదు. ఆ పేపరు పోయింది.

ఆ సాయంత్రమే భవాని మాకు ఫోన్ చేసింది. వెంటనే కొత్త క్యాలెండర్ తీసేసి పాత పెట్టె పెట్టేశాం, ఆ రోజుల్లో నమోదు చేసుకున్న మిగతావాళ్లకు ఫోన్ చేసి తేదీలు సరిచేశాం. ఆ ఆదివారం అందరూ వెళ్లిపోయాక, ట్యూషన్ గది మెట్ల మీద నరేష్ అన్న నన్ను ఆపాడు.

"చెల్లె, నువ్వు సుత చూసినవ్ గదా. నీకు కనిపియ్యలే?"

"లేదన్నా. చూడలేదు."

"నీకే కనిపియ్యలేదంటే ఇంక ఎవ్వలకు కనిపిస్తది! పుస్తకంల కామా లేకున్నా పట్టేదానివి." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "నాదే గల్తీ. నేను పెట్టిన రూల్ నేనే మర్చిన. నువ్వేం పరేషాన్ కాకు."

నేను తలూపాను.

అంతే జరిగింది. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? కోప్పడేవాడు. కోప్పడనీ. కానీ తప్పు సగం నాది అని ఆయనకు తెలిసేది. అలా తెలియకపోవడం వల్ల మొత్తం భారం తన మీదే వేసుకున్నాడు. ఆ తర్వాత కోడ్ రాసి పంపడం తగ్గించాడు. ఆ పైన మానేశాడు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు ఇస్తాడు, అంతే. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని అందరూ అనుకున్నారు. నాకు కారణం తెలుసు. ఓపెన్ సోర్స్‌లో ప్రతి అక్షరం నిలిచి ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో, ఎవరు సరే అన్నారో ఎవరైనా వెతికి చూడవచ్చు. నేను రాసి చెరిపేసిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఎక్కడా లేదు. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నేను మారాను. ఆ మాట చెప్పకపోతే కూడా అబద్ధమే అవుతుంది. ఆ తర్వాత ఏ లోపం చూసినా రాయకుండా వదల్లేదు. మొదట్లో ఒక్కో కామెంట్‌ను నాలుగైదు సార్లు తిరగరాసేదాన్ని. ఎలా రాస్తే ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా అందుకుంటారో నెమ్మదిగా తెలిసింది. ఏది బాగుందో ముందు చెప్పడం, ఏది పనిచేయడం లేదో సూటిగా చెప్పడం, తోచినంత మేరకు దారి చూపించడం. గ్రూపులో నన్ను "టీచరమ్మ" అని ఏడిపిస్తారు. "టీచరమ్మ చూసిందంటే ఇగ ఫికర్ లేదు" అంటారు. అలా అన్నప్పుడల్లా లోపల చురుక్కుమనేది. కొత్తవాళ్లకు నేనే చెబుతాను, కనిపించింది రాయండి, మొహమాటపడకండి అని. ఆ మాట చెప్పే అర్హత నాకుందా అని చెబుతూనే అనుకునేదాన్ని.

ఈమధ్య ఒక ఆదివారం, కొత్తగా చేరిన ఒకమ్మాయి నేను పంపిన మార్పు కింద కామెంట్ రాసింది. "అక్కా, ఇది ఫోన్‌లో తెరిస్తే బటన్ కనిపిస్తలేదు." నిజమే. అందరికీ కనిపించేలా నా తప్పు అక్కడ ఉంది. నాకేమనిపించిందో తెలుసా? కాసేపు సిగ్గనిపించింది. ఆ తర్వాత, అమ్మయ్య, ఎవరికీ ఇబ్బంది కలగకముందే దొరికింది కదా అనిపించింది. ఆ అమ్మాయి మీద ఇష్టం కలిగింది. అప్పుడు అర్థమైంది. నరేష్ అన్నకు తగలకుండా నేను ఆపింది ఈ కాస్త సిగ్గునా? ఇంతేనా? ఆయన గౌరవం కోసం అనుకున్నాను. నా మీద ఆయనకున్న మంచి అభిప్రాయం చెదరకూడదని అసలు కోరిక. మర్యాద అని పేరు పెట్టుకున్నాను, పిరికితనాన్ని.

తర్వాతి వారం మల్కాజ్‌గిరి వెళ్లాను. నరేష్ అన్న వాళ్లింటి ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు. పైపు చేతిలోనే ఉండిపోయింది, నీళ్లు మెట్ల మీదకి పారుతున్నాయి. వెళ్లి కుళాయి కట్టేశాడు. తిట్టలేదు. ఫరవాలేదు అనీ అనలేదు. ఒకే ఒక్కటి అడిగాడు.

"ఆ పిల్లకు చెప్పినవా?"

ఇన్నేళ్లూ ఈ తప్పును నేను నరేష్ అన్న వైపు నుంచే చూశాను. ఆయన ఏమనుకుంటాడు, ఆయన ఎందుకు మానేశాడు. పరీక్ష పోగొట్టుకున్న మనిషి నా లెక్కలోకే రాలేదు. ఆమెను తలుచుకుని బాధపడ్డాను, అంతే. ఆమెకు చెప్పవలసి ఉందన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు. ఎలా రాలేదు?

"నాకు చెప్తే నీకు అల్కగ అయితది," అన్నాడు. "ముందుగాల ఆమెకు చెప్పు."

చెప్పాను. ఫోన్‌లో. నిజానికి ముందు ఒక సందేశం రాయబోయాను. రాసుకుంటూ కూర్చుంటే మళ్లీ చెరిపేస్తానని భయమేసి నంబరు నొక్కాను. భవాని ఇప్పుడు బీఈడీ చదువుతోంది. మా వెబ్‌సైట్‌నే ఇంకా వాడుతోంది. ఆ పేపరు తర్వాత మళ్లీ రాసి పాసయింది. అంతా విన్నది.

"అంటే నీకు ఎరుకే ఉండె."

"తెలుసు."

"ఆ దినం గేటు కాడ మా అమ్మను ఎంత తిట్టిననో ఎరుకనా అక్కా? నువ్వే నన్ను లేట్ జేసినవ్, ఆ మనిషి వచ్చి చూసి పోయి ఉంటదని. పాపం, ఆమె ఒక్క మాట అనలే." "ఇప్పుడు నేను పోయి ఆమెకు ఏమని చెప్పాలె?"

నా జవాబు కోసం ఎదురుచూడకుండా ఫోన్ పెట్టేసింది.

ఒక తల్లి అనవసరంగా తిట్లు తిన్నది. నాకు తెలియని ఆ భాగం కూడా ఇప్పుడు తెలిసింది. బరువు తగ్గుతుందనుకుంటే ఇంకాస్త పెరిగినట్టుంది. అయినా విచిత్రంగా, ఊపిరి ఆడుతోంది. ఇన్నాళ్లూ ఆ బరువు ఎంతో తెలియకుండా మోశాను. ఇప్పుడు తెలిసి మోస్తున్నాను. అంతే తేడా. ఆ తేడాతోనే ఎంతో తేలికగా ఉంది నాకు.

నరేష్ అన్న మళ్లీ కోడ్ రాయడం మొదలుపెడతాడో లేదో తెలియదు. భవాని నాతో మళ్లీ మాట్లాడలేదు. కానీ నిన్న మా వెబ్‌సైట్ పేజీలో, అందరికీ కనిపించేచోట, ఆమె పేరుతో మొదటిసారి ఒక కామెంట్ వచ్చింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు. కేంద్రం ఎంచుకునే చోట పేర్లు వినిపించడం లేదట. ఏదైనా తప్పుగా నింపితే, ఏం తప్పో చెప్పకుండా పేజీ మళ్లీ మొదటికి తీసుకుపోతోందట. ఆ రెండూ ఈ ఏడాది నేను రాసినవే. అది ఆమెకు తెలుసో తెలియదో.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు. పొద్దుటి నుంచి మొదటిదాన్ని సరిచేస్తున్నాను. పూర్తవగానే, చదివి చెప్పమని భవానినే అడుగుతాను. ఆమె సరే అంటేనే అది వెబ్‌సైట్‌లో కలుస్తుంది.