గడ్డకు అన్నం పెట్టేవాళ్ళు

నాకు పీహెచ్‌డీ సీటొచ్చిందని ఫోన్లో మెయిల్ చూసుకునేసరికి బస్సు పిడుగురాళ్ల దాటుతోంది. సున్నం బట్టీల దుమ్ముకు కిటికీలన్నీ మూసేశారు. లోపల ఉక్కపోత. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను, ఆగలేక పక్క సీట్లో ముసలావిడతో చెప్పేశాను.

"అమ్మమ్మా, నాకు సీటొచ్చింది!"

"మంచిదమ్మా. ఉజ్జోగమా?"

"కాదు, ఇంకా పై చదువు."

"ఇంకానా!" అని ఆవిడ నా వంక జాలిగా చూసింది.

ఆ జాలి కూడా నాకు తీపిగానే ఉంది. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ మెట్లెక్కిన మనిషి లేదు. నాన్న చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. పెదనాన్న చదివింది ఊరి రాజకీయాలు. నాకొచ్చిన సీటు క్యాన్సర్ గడ్డ చుట్టూ ఏముంటుంది, అది గడ్డను ఎలా పెంచుతుంది, మందును ఎలా అడ్డుకుంటుంది అన్న దాని మీద. నరసరావుపేటలో కొన్న పాలకోవా డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ముందు అత్తకే చెప్పాలనుకున్నాను.

అత్త అంటే నాన్నకు అక్క, పెదనాన్నకు చెల్లెలు. మామయ్య పోయాక మా పక్కింట్లోనే ఒంటరిగా ఉంటూ సొంతంగా మిరప వేయిస్తోంది. ఆ చలికాలంలోనే ఆమెకు రొమ్ములో గడ్డ బయటపడింది. ముందు కొన్ని ఇంజెక్షన్లు ఇచ్చి గడ్డను తగ్గించి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు డాక్టర్లు. అప్పటికి రెండు ఇంజెక్షన్లు అయ్యాయి.

నేను వెళ్ళేసరికి అత్త వసారాలో పెదనాన్న, నాన్న కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అత్త గడప లోపల మంచం మీద ఉంది. రాలిన జుట్టు కనిపించకుండా మగవాళ్ళలాగా తలకు తువ్వాలు చుట్టుకుంది. కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల ఘాటు గాలికి వీధంతా కొడుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఘాటుకు ఆమె ముక్కు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకుని, తన మీద తనకే కోపం వచ్చినట్టు కూర్చుంది.

"అత్తా, నాకు..." అన్నాను.

"ఉండవే, పెద్దోళ్ళం మాట్లాడుకుంటన్నాం," అన్నాడు నాన్న.

మాట్లాడుకుంటున్నది ఇంజెక్షన్లు ఆపే సంగతి. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో గట్ల తగాదాలు, గొడ్ల తగాదాలు తీర్చే గొంతు అది.

"రెండు ఇంజెక్షన్లయినయ్. గడ్డ అట్టనే రాయల్లే చేతికి తగల్తందని అదే చెప్తంది. జుట్టు పోయింది, నోరు పూసి పెరుగన్నం తప్ప ఏదీ దిగట్లా. మందు పట్టనప్పుడు మనిషిని ఇంకా చంపుకోటం ఎందుకు? కృష్ణ అవతల ఒకాయన పసరు పోస్తాడంట. రేపు పొద్దున్నే బండి మాట్లాడా."

కోవా డబ్బా అరుగు మీద పెట్టి మొదలుపెట్టాను. ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అన్నాను, ఫైబ్రోబ్లాస్ట్ అన్నాను. వైవాలో చెప్పినట్టు గడగడా చెప్పేశాను.

"డాక్టరమ్మ వచ్చింది," అన్నాడు పెదనాన్న. నాన్న నేల చూశాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపల్నుంచి అత్త గొంతు వినిపించింది. "ఏమే కోడలా, అదేందో నాకు చెప్పు. ఒళ్ళు నాదేగా. మామూలు మాటల్లో చెప్పు."

వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను.

"గడ్డ ఒక్కటే ఉంటే బతకలేదు అత్తా. చుట్టూ ఉన్న మన మంచి కణాలనే మచ్చిక చేసుకుంటది. కొన్ని దానికి కొత్త రక్తనాళాలు తెచ్చి తిండి పెడతాయి. కొన్ని చుట్టూ గట్టి పీచు అల్లి గోడ కడతాయి. మందు లోపలికి పోవటం కష్టమయిద్ది. దాన్ని పట్టుకోవాల్సిన తెల్లకణాలు వస్తాయి గానీ, దాని దగ్గరికి రాగానే మెత్తబడి ఊరుకుంటాయి. కొన్నయితే దాని పనే చేసిపెడతాయి."

అత్త కొంగు తీసేసి నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది, పూసిన పెదాలు నొప్పెట్టినా ఆగకుండా.

"ఓసినీ! ఇది మన ఊరి సంగతే గదే!"

ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఒక ఎన్నికలో అత్త పోలింగ్ ఏజెంటుగా కూర్చుంది. అవతలి పక్షం మనిషి వచ్చి బల్ల గుద్ది లేచిపొమ్మన్నాడు. మిగతా ఏజెంట్లు లేచిపోయారు. అత్త కొంగు నడుముకు చుట్టి, పెట్టె సీలు వేసేదాకా కదల్లేదు. మధ్యాహ్నం అన్నం తెచ్చిచ్చే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు. మంచినీళ్ళతో గడిపింది. మర్నాడు ఆ మనిషి మీద పోలీసు కేసు పెట్టింది.

"వాడికేం బలముందన్నా?" అంది పెదనాన్న వైపు తిరిగి. "వాడొక్కడే అయితే నేనే చెప్పుతో కొట్టేదాన్ని. కారిచ్చింది ఒకడు. అన్నం పెట్టింది మన వీధోళ్ళు. పోలీసోళ్ళొచ్చి వాడి అరుగు మీదే టీ తాగి పోయారు. సాక్షం చెప్తానన్నోడు తెల్లారేసరికి నేను చూళ్ళేదన్నాడు. ఆఖరికి నా చేత కేసు వాపసు తీయించి రాజీ చేసిందెవరు?"

పెదనాన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడు అయ్యన్నీ ఎందుకే?"

"ఎందుకంటే, నా ఒంట్లో దానితో కూడా రాజీ చేయిస్తన్నావు గనక!"

నాన్న ఫక్కున నవ్వి, అన్న మొహం చూసి దగ్గులోకి మార్చాడు.

అత్త నవ్వలేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని నన్ను అడిగింది. "సూటిగా చెప్పు. నా చేతికి తగిలేది గోడా, లోపలున్నోడా?"

నా క్లాసులో ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

"తెలీదత్తా," అన్నాను. "లోపలోడు చస్తన్నా గోడ గట్టిగానే తగలొచ్చు. వాడు ఇంకా బతికే ఉండొచ్చు. చేత్తో తేలేది కాదు. స్కాన్ తీసి డాక్టరే చెప్పాలి. మందు పనిచెయ్యట్లేదంటే మందు మారుస్తారు. ఇప్పుడు వాడికి తిండి తెచ్చే దారులు మూసే మందులున్నాయి, మెత్తబడ్డ తెల్లకణాలను మళ్ళీ లేపే మందులున్నాయి. అన్నీ అందరికీ పనికిరావు. నీకేది సరిపోయిద్దో వాళ్ళు చూస్తారు. మధ్యలో ఆపేసి పోతే మాత్రం వాడికి మనమే సందిచ్చినట్టు."

"నయమయిద్దని రాసిస్తావా?" అన్నాడు పెదనాన్న.

"రాసివ్వను పెదనాన్నా. పసరాయన రాసిస్తాడేమో. అందుకే ఆయన్ని నమ్మొద్దంటన్నా."

ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. చెంప పగులుతుందనుకున్నాను. ఆయన మాత్రం జేబులోంచి ఫోను తీసి, బండి వాడికి చేసి, "ఒరేయ్, రేపు అవతలికి కాదు, ఆస్పత్రికి," అని పెట్టేశాడు.

అత్త ఇంకొకటి అడిగింది, ఈసారి గొంతు తగ్గించి. "నేను దిగులు పెట్టుకోబట్టే ఇది వచ్చిందని చూడొచ్చినోళ్ళందరూ అంటన్నారు. నిజమేనంటావా?"

"వాళ్ళకేం తెలుసు? నీ తప్పేం లేదు."

"అయితే చూడొచ్చినోళ్ళకి రేపటి నుంచి తలుపు తియ్యను," అంది. తియ్యలేదు కూడా. పళ్ళ సంచులతో వచ్చినవాళ్ళు గుమ్మం బయట నిలబడి అత్త అరుపులు విని వెళ్ళారు.

తెల్లారి ఆస్పత్రిలో డాక్టరు పాత స్కానూ కొత్త స్కానూ పక్కపక్కన పెట్టి చూపించారు. లోపల గడ్డ తగ్గిందన్నారు. చేతికి గట్టిగా తగిలేదాంట్లో కొంత గోడలాంటి పీచే అయ్యుండొచ్చట, మిగిలినదేమిటో ఆపరేషన్ తర్వాత పరీక్షలో తేలుతుందట. "మందు పనిచేస్తోంది, ఆపొద్దు. దారి ఇంకా ఉంది," అన్నారు. పెదనాన్న ఆ తెరకేసి చానాసేపు చూశాడు. ఊళ్ళో ఓట్ల లెక్కింపప్పుడు తప్ప ఆయన అంత కుదురుగా దేన్నీ చూడగా నేను చూడలేదు.

ఇంజెక్షన్ గదిలో నర్సు మంచం చూపించి పడుకోమంది. అత్త పక్కనున్న కుర్చీ చూసుకుంది.

"కూర్చునే ఎక్కించుకుంటానమ్మా. కూర్చోటం నాకు అలవాటే."

కొంగు తీసి నడుముకు చుట్టింది. సూది గుచ్చేటప్పుడు మొహం తిప్పుకోలేదు. సీసాలోంచి చుక్కలు దిగడం మొదలయ్యాక నా చేతిలోని కోవా డబ్బా మీద ఆమె కన్ను పడింది.

"అవునే, నిన్న వచ్చిందగ్గర్నుంచి దాన్ని మోస్తన్నావు. ఏందది?"

"సీటొచ్చింది అత్తా. గడ్డకు అన్నం పెట్టేవాళ్ళను పట్టుకునే చదువు."

ఇంకో చేత్తో చిటికెడు కోవా తుంచి నోట్లో వేసుకుంది. పుండ్లకు తగిలి మొహం ముడుచుకుంది, అయినా మింగింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ అన్నను చూపించింది.

"ఇది సాయంత్రం దాకా పట్టిద్దంట. నేనెక్కడికీ లేవను గానీ, నువ్వెళ్ళి నీ చదువు సంగతి మీ పెదనాన్నకి మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. నవ్వితే నన్ను పిలువు."