మల్లెపువ్వులాంటి అన్నం

నా కాళ్లు రెండూ నేనే, పూటపూటా కడుపునిండా తిని మరీ పోగొట్టుకోబోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఇప్పుడు తల్చుకుంటే నాకూ నవ్వే వస్తుంది.

పందొమ్మిది వందల ఇరవైలలో మాట. శృంగవరపుకోట నుంచి ఘాటీ ఎక్కి అరకు వైపు అడవి గుమాస్తాగా వెళ్లాను. వయసు ఇరవై రెండు, గర్వం అంతకి రెట్టింపు. మైదానం మనిషినన్న సంగతి నా కంచం చూడగానే అందరికీ తెలియాలనుకునేవాణ్ణి.

నాకు వండిపెట్టే గాసమ్మ అనే కొండ ముసలమ్మ మొదటిరోజు వడ్లు ఒక్కసారే దంచి, ఎర్రటి అన్నం వార్చింది. నాకది అవమానంగా తోచింది. అన్నం మల్లెపువ్వులా ఉండాలని బియ్యం నాలుగేసిసార్లు దంపించాను, నీళ్లు తేటబడేదాకా కడిగించాను, గంజి చుక్క మిగలకుండా వంపించాను. పప్పు ఉడికేదాకా ఆగే ఓపిక లేదు కనక చారుతోనే సరిపెట్టేవాణ్ణి.

"దంచి దంచి నా రెక్కలు పడిపోతన్నాయి బాబూ. సోడంబలి తాగు, బలం" అందామె. రాగి అంబలి కూలివాళ్లకి గాని ఆఫీసు వాళ్లకా అని దబాయించాను. చూశారా నా తెలివి.

మూడో నెలకి అరికాళ్లు తిమ్మిరెక్కాయి. ఆపైన పాదాలు ఉబ్బాయి. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. నాలుగడుగులేస్తే ఆయాసం. ఇక ఈ జన్మకి నడవలేనేమోనని భయమేసి, గోడవైపు తిరిగి ఏడ్చాను కూడా. ఆ భయంలో నా బుర్ర కనిపెట్టిన కారణం చిల్లంగి. దంచలేక విసిగిన గాసమ్మే నాకు చేతబడి చేసిందని తేల్చుకుని, మొహం మీదే అడిగేశాను.

ఆమె రోకలి పక్కన పెట్టి తీరిగ్గా నావైపు చూసింది.

"నాకు సిల్లంగే వస్తే ముందు నీ నోరు కట్టీసీదాన్ని బాబూ" అని ఇంటికి వెళ్లిపోయింది.

నన్ను బండిలో పడుకోబెట్టి శృంగవరపుకోటకి దించారు. డాక్టరుగారు నా కాళ్లు నొక్కి చూసి, ఏం తింటున్నావని అడిగారు. నా భోజన వైభవం అప్పుడు కూడా గర్వంగానే వర్ణించాను. ఆయన తల పట్టుకున్నారు.

"ఇది బెరిబెరి. తవుడులో విటమిన్ అని ఒకటుంటుంది. అన్నం కట్టెలైతే అది నిప్పు. నిప్పు పారబోసి, పొయ్యి నిండా కట్టెలు కుక్కుతున్నావు. ఇక ఒంటికి సత్తువ ఎక్కణ్ణించి వస్తుంది? ముందు నరాలు చచ్చుబడతాయి" అన్నారు.

కాళ్లు మళ్లీ వస్తాయా అని అడిగాను. తవుడు, చోళ్లు అంటే రాగులు, పప్పులు తింటే వస్తాయన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన కాళ్లమీద పడదామంటే వంగడం చేతకాలేదు.

కొండకి తిరిగొచ్చి, కర్ర ఊతంతో గాసమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. తప్పయిపోయింది, క్షమించమన్నాను. అంతటితో ఊరుకోక, ఇన్నాళ్లూ దంచిన బియ్యం తాలూకు తవుడు కాస్త మిగిలిందా అని కూడా అడిగాను.

ఆమె పెరటివైపు చెయ్యి చూపించింది. అక్కడ ఒక పంది లేవడానికి కూడా బద్ధకించేంత బలిసి, హాయిగా పడుకుని ఉంది.

"తవుడూ గంజీ దానికే ఏసినాను బాబూ. నీ బలమంతా అదిగో, అక్కడుంది."

అని నవ్వి, అంబలి ముంత నా చేతిలో పెట్టింది. వంచిన తల ఎత్తకుండా తాగాను.

రెండు నెలలు తిరిగేసరికి కర్ర పారేసి కొండలెక్కాను. ఆ రోజే సమస్త దేవతలనూ సాక్షిగా పిలిచి ఒట్టు పెట్టుకున్నాను: పంది తినేదానికన్నా తక్కువరకం భోజనం ఈ జన్మలో చేయనని.