మాటకు అయిదు మార్కులు

మొన్న మా ఆవిడకు చలిజ్వరం వస్తే కరీంనగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాను. మా మనవరాలి ఈడు డాక్టరమ్మ ఫోనులో ఏవో గళ్ళు నింపుకుంటూ, "అమ్మా, మీ సారు పేరేంది?" అని అడిగింది. మా ఆవిడ ఇంటిపేరుతో సహా టక్కున చెప్పేసింది. మలేరియా ఎంత ముదిరిందో తేల్చే లెక్కలో అదొక ప్రశ్న, మనిషి తెలివిలో ఉందో లేదో చూడటానికి. "మంచిగ చెప్పిన్రు" అని డాక్టరమ్మ నవ్వింది. నేను మాత్రం పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాను. ఒకప్పుడు ఆ ప్రశ్న నేనూ అడిగేవాణ్ణి.

ఎనభైల్లో డాక్టరుగా నా మొదటి ఉద్యోగం ఆసిఫాబాద్ అవతల, అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానలో. వానలు పడ్డాయంటే వరండా నిండా గొంగళ్ళు కప్పుకుని వణికే జనమే. పెద్ద దవాఖానకు పంపడానికి ఉన్నది ఒక్క జీపు, అదీ వాగు దయతలిస్తేనే దాటేది. అందుకని ఎవరిని పంపాలో, ఎవరికి గోలీలు చాలో తేల్చడానికి చదువుకున్నప్పటి పద్ధతి ఒకటి అమల్లో పెట్టాను. కళ్ళు తెరిస్తే ఇన్ని మార్కులు, చెయ్యి కదిపితే ఇన్ని, అడిగినదానికి సరిగ్గా జవాబిస్తే అయిదు. మార్కులు తగ్గాయంటే జబ్బు మెదడుకెక్కినట్టు. మా కాంపౌండరు, నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దాయన, "జ్వరమొచ్చినోళ్లకు గీ పరీక్షలేంది సారూ" అని నవ్వేవాడు. నాకా మార్కులు వేసే కాగితమంటే మహా గర్వం.

మొదటి నెలలోనే ఒక రైతు భార్యను మొగుడి పేరు అడిగాను. ఆమె నేల చూపులు చూసింది. మూడుసార్లు అడిగినా పెదవి విప్పలేదు. నేను కంగారుపడి జీపు తీయమన్నాను. కాంపౌండరు నా చెవి దగ్గరికి వచ్చి, "ఆడోళ్లు పెనిమిటి పేరు తీస్తరా సారూ? తీస్తే ఆయన ఆయుస్సు తగ్గుతదంటరు" అన్నాడు. ఆలోగా ఆమే లేచి కూర్చుని, "జర గోలీలియ్యి సారూ, పోత. ఇంటికాడ బర్రె ఈనేటట్టున్నది" అంది. వరండా అంతా నవ్వింది. తల కొట్టేసినట్టయి నేనూ నవ్వాను. ఆనాటి నుంచి ఆడవాళ్ళు ఆ ప్రశ్నకు మాట్లాడకపోతే మర్యాదనుకుని అయిదుకు అయిదూ వేసేవాణ్ణి. ఈ మనుషులు నాకు అర్థమైపోయారనుకున్నాను.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఒక అత్త తన కొత్త కోడలిని ఎడ్లబండిలో తెచ్చింది. పిల్లకు పద్దెనిమిది ఉంటాయేమో, చేతుల నిండా గాజులు, కొంగు ముఖం మీదికి. పిలిస్తే కళ్ళు తెరిచింది, చెయ్యి పట్టుకుంటే లాక్కుంది. మొగుడి పేరు అడిగాను. గోడ వైపు తిరిగింది. "సిగ్గు" అన్నాను నవ్వుతూ. "నోట్ల నాలుక లేనిది సారూ, మాతోటే సరిగ మాట్లాడది" అంది అత్త. మాటకు అయిదు వేసి, గోలీలిచ్చి, రెండ్రోజులాగి రమ్మన్నాను.

మరునాడు పొద్దున్నే అదే బండి వచ్చింది. పిల్లకు ఫిట్స్, పళ్ళు గిట్టకరుచుకుపోయి ఉన్నాయి. సెలైన్లో క్వినైన్ ఎక్కించాను. ముందురోజు కూడా అది బీరువాలోనే ఉంది. జీపు సిద్ధమయ్యేలోపే ప్రాణం పోయింది. అత్త కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టలేదు.

"నిన్న పొద్దుగాల నీళ్లడిగింది సారూ. బండెక్కినంక మల్ల మాట్లాడలే. నాకు బుగులైంది. నువ్వు సిగ్గన్నవు గదా, సదువుకున్నోనివి, గదే నిజమనుకున్న" అంది.

మరణం కాగితం నింపబోతే, నిన్నటి చీటీలో ఫలానావాడి భార్య అని మాత్రమే ఉంది. అప్పుడడిగాను అత్తను, ఆ పిల్ల పేరేమిటని. తన పేరు చెప్పుకోవడానికి ఏ ఆడదానికీ అడ్డు లేదు. ముందురోజు ఆ ఒక్క మాట ఆ పిల్లనే అడిగి ఉంటే, జవాబు రానప్పుడు అది సిగ్గు కాదని తెలిసిపోయేది. తప్పు నాదే. తీరిక లేక అడగలేదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా సర్దిచెప్పుకోలేకపోయాను. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల వెనక వరసలో ఎవరూ లేరు, నా దగ్గర కావలసినంత టైముంది.