మందు సీసాలో నీళ్ళు

నా చిన్నప్పుడు మా అమ్మ ప్రాణం నిలబెట్టింది నేనే. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో, రోళ్ళు పగిలే రోహిణీ కార్తె ఎండలో, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, పట్టాల మీద ఆగి ఉన్న గూడ్సు బండి కింద నుంచి దూరి, ఆసుపత్రి నుంచి మందు సీసా గుండెకు హత్తుకుని పరుగెత్తుకొచ్చాను. ఒక్క చుక్క ఒలకలేదు. పురిటి మంచం మీద కళ్ళు తేలేసిన అమ్మ, నేను గొంతులో పోసిన మందుతో లేచి కూర్చుంది. అప్పటికి నాకు పలక మీద అక్షరాలే సరిగ్గా కుదరలేదు.

ఈ కథ మా గుఢియారీ పేటలో వినని తెలుగిల్లు లేదు. పండరీలో పెళ్ళి బట్టలు కొనడానికి వెళ్తే, కొట్టువాడు చీరల మడత విప్పేలోపు సగం, మళ్ళీ మడత పెట్టేలోపు మిగతా సగం చెప్పేసేవాణ్ణి. వాడికి తెలుగు రాదు కాబట్టి హిందీలో చెప్పేవాణ్ణి. హిందీలో ఇంకా బాగుండేది. ఏడాదికేడాదికీ గూడ్సు బండికి పెట్టెలు పెరిగాయి. ఒకసారి దేవేంద్ర నగర్‌లో ఎవరిదో గృహప్రవేశం విందులో, నేను దూరుతుండగా బండి కదిలింది కూడా.

గూడ్సు బండి అబద్ధమని మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆసుపత్రికి పరుగెత్తడమూ అబద్ధమే. సీసా వచ్చింది పక్కింటి పిట్టగోడ మీద నుంచి. చెప్పులు లేవన్నది మాత్రం నిజం. అప్పట్లో మా లైన్లో పిల్లలెవరికీ ఉండేవి కావు. మిగిలినవి చెప్పాలంటే ముందు మొన్నటి వేసవి సంగతి చెప్పాలి.

మొన్నటి వేసవిలో మా మనవరాలు, అంటే నా కొడుకు కూతురు, పురిటికి మా ఇంటికి వచ్చింది. ప్రసవం ఆసుపత్రిలో అయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా ఇల్లు చేరాక పురుడు మా కోడలి చేతిలోకి వెళ్ళింది. మా కోడలిది విజయనగరం వైపు. నా మందులు, నా మఫ్లరు, నా నోటి దురుసు అన్నీ భరించే మనిషి. పథ్యం దగ్గర మాత్రం ఆమె మాటకు అప్పీలు లేదు. బాలింతకు పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నీరు తగలని వేపుడు. పూటకోసారి కాచిన నీళ్ళు, అదీ చిన్న గ్లాసులో సగానికి. అంతకు మించి తాగితే పచ్చి ఒళ్ళు నీరు పడుతుందనీ, పొట్ట జారిపోతుందనీ, పాలు పలచబడి బిడ్డకు జలుబు చేస్తుందనీ మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, ముసురు పట్టిన రోజుల్లో ఆ నియమం ఎంతవరకు చెల్లేదో నాకు తెలియదు. రైలెక్కి వచ్చిన మా పెద్దవాళ్ళు ఆవకాయ జాడీతో పాటు దాన్నీ మూత కట్టి తెచ్చుకున్నారు. ఇక్కడేమో మే నెలలో లూ, అంటే నిప్పులాంటి వడగాలి, కొడుతుంది. కూలరు ముందు కూర్చున్న మగవాడికే పెదవులు పగులుతాయి.

పిల్ల మొదట్లో పేట అంతా వినబడేలా ఏడ్చేది. తర్వాత ఆ ఏడుపు సన్నబడింది. పక్కబట్టలు తడవడం తగ్గింది. ఆరుబయట తాడు మీద ఆరే గుడ్డలు తగ్గితే నేను సంతోషించాను కూడా, నా పడక కుర్చీకి చోటు దొరికిందని.

మా పేటలో ఒక మితానిన్ ఉంది. ఇంటింటికీ తిరిగి కడుపుతో ఉన్నవాళ్ళనీ బాలింతలనీ పసిపిల్లలనీ చూసిపోయే ఆవిడను ఇక్కడ అలా పిలుస్తారు. ఆ మధ్యాహ్నం వచ్చి, బిడ్డను ఒళ్ళో వేసుకుని నోరు చూసింది, తర్వాత తల్లి పెదవులు చూసింది. "మహతారీ ల పానీ పియావవ్, లయికా ల ఝన్ దేవవ్," అంది. నీళ్ళు తల్లికి పట్టండి, బిడ్డకు పట్టకండి అని. పిల్ల ఇలాగే మగతగా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. మా కోడలు తలూపింది, టీ ఇచ్చింది, గుమ్మం దాకా సాగనంపింది. గ్లాసు మాత్రం అదే గ్లాసు.

నేను గుమ్మంలోంచి తొంగి చూస్తే మనవరాలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి మెల్లగా, "తాతయ్యా, బస్, ఒక్క లోటా పానీ. అమ్మకి చెప్పవా?" అంది. డిగ్రీ చదివిన పిల్ల. బ్యాంకులో పని చేస్తుంది. మంచినీళ్ళ కోసం తాతను సిఫారసు అడిగింది.

కోడల్ని నేరుగా అడిగే ధైర్యం నాకు లేదు. నాకున్న విద్య ఒక్కటే కదా, కథ ఎత్తుకున్నాను. రోహిణీ కార్తె, గూడ్సు బండి, సీసా. పురిట్లో పట్టింపులు ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందని సూచించడం నా ఉద్దేశం. మా కోడలు శ్రద్ధగా విని, "అదే నేనూ అన్నాను మావయ్యా. మీ అమ్మగారు అంత ఎండలోనూ నీళ్ళు ముట్టకుండానే లేచేరు. పని చేసింది మందే కదా. దీనికీ సాయంత్రం ఏదో టానిక్కు తెప్పిద్దాం," అంది.

గదిలో ఒక మూల మా అక్క వెల్లుల్లి రెబ్బలు ఒలుస్తోంది. నా కన్నా పెద్దది, బావ పోయాక మా దగ్గరే ఉంటోంది. ఈ కథ నా నోట ఆమె ఎన్నిసార్లు విన్నదో, ఎన్నడూ అవునని గానీ కాదని గానీ అనలేదు. అప్పుడూ అనలేదు. చేతులు మాత్రం ఆగాయి.

నేను పొగరు కొద్దీ పెంచిన కథ నా మునిమనవరాలి మీదికే వచ్చి కూర్చుంది. ఏం చేయను? "అది మందు కాదమ్మా," అన్నాను. "నీళ్ళు."

ఆ రోజు వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మా పక్క క్వార్టర్లో నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక నర్సక్క ఉండేది. రైల్వే ఆసుపత్రిలో పని. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మా చెల్లెలు పుట్టిన వేసవిలో, అమ్మ పురిటి గదిలో నాలుక తడుపుకోవడానికి కూడా తడి లేక పడి ఉండటం ఆవిడ చూసింది. నీళ్ళివ్వమని మా నాయనమ్మకు రెండు మూడు విధాల చెప్పి చూసింది. నాయనమ్మ వినలేదు. మా నాయనమ్మకు నీళ్ళంటే భయం, మందంటే భక్తి. నర్సక్క అది కనిపెట్టింది.

మర్నాడు ఒక పెద్ద గాజు సీసా తెచ్చింది. ఆ రోజుల్లో కాంపౌండర్లు ఇచ్చే సీసాల్లాగే దానికి మోతాదు గుర్తులు కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి ఉంది. ఆసుపత్రి డాక్టరు గారి మిక్స్చరు అనీ, గుర్తు ప్రకారం పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా పట్టాలనీ, మధ్యలో ఆపితే పని చేయదనీ నాయనమ్మకు ఒప్పజెప్పింది. సీసా ఖాళీ కాగానే నేను పిట్టగోడ దగ్గరకు పట్టుకెళ్ళాలి, నిండు సీసా తేవాలి. నా వీరగాథలో పరుగు అంతవరకే. అందులో ఉన్నది కాచి చల్లార్చిన నీళ్ళు, కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు, రంగు కోసం జీలకర్ర కషాయం. నాయనమ్మ తన చేతులతో గంటగంటకీ అమ్మకు పట్టింది. దేవుడి తీర్థం ఇచ్చినంత నిష్ఠగా పట్టింది. అమ్మ కళ్ళు తెరిచి మాట్లాడింది. చెల్లెలు గుక్కలు వేసి పాలు తాగడం నేను గోడ అవతల నుంచి విన్నాను.

ఒకనాడు సీసా తెస్తూ నేను ఒక గుక్క తాగాను. తియ్యగా ఉంది. మందు చేదుగా ఉండాలి కదా. పిల్లవాడినైనా నాకు అర్థమైంది, ఇది మందు కాదు, చక్కెర నీళ్ళు అని. నాయనమ్మ వంటింట్లో నన్ను పట్టుకుని, నా మూతి చుట్టూ తడి చూసి, చెవి మెలేసి అడిగింది. భయపడి చెప్పేశాను.

"ఏటి, నీల్లేటి?" అంది నాయనమ్మ. సీసా తీసుకెళ్ళి పెరట్లో బోర్లించింది. ఆ మన్ను ఎంత ఎండి ఉందంటే, నీళ్ళు పడిన చప్పుడు తప్ప మచ్చ కూడా మిగల్లేదు. నర్సక్క మా గడప తొక్కకూడదని నాన్నతో చెప్పించింది.

ఖాళీ సీసా తిరిగి ఇచ్చి రమ్మని నన్నే పంపారు. నర్సక్క గోడ అవతల నిలబడి సీసా అందుకుంది. కోప్పడుతుందనుకున్నాను. ఎంత తాగావని అడిగింది. ఒక్క గుక్కే అన్నాను. "ఆ గుక్క అమ్మది కదా నాన్నా," అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మకు పాలు తగ్గాయి. చెల్లెలికి తేనె నాకించారు, గుడ్డ వత్తితో బెల్లం నీళ్ళు పట్టారు. ఏడుపు సన్నబడింది. తర్వాత అదీ లేదు. బారసాల కాలేదు కాబట్టి ఆ పిల్లకు పేరు లేదు. నాన్న తువ్వాల్లో చుట్టి ఎత్తుకుని వెళ్ళాడు. అమ్మ ఎలాగో లేచింది, చాలా కాలం బతికింది. నీళ్ళు ఆపినందుకే బిడ్డ పోయిందని నేను ప్రమాణం చేయలేను. అప్పట్లో పసిపిల్లలు చాలామందే పోయేవారు. కానీ సీసా వస్తున్నన్ని రోజులు ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది. అది నేను విన్నాను.

పెద్దయ్యాక కథ చెప్పడం మొదలుపెట్టినప్పుడు, సీసాలో ఉన్నది నీళ్ళని చెబితే తర్వాతేమైందని ఎవరైనా అడుగుతారని తోచింది. అందుకని నీళ్ళను మందు చేశాను. చెల్లెల్ని కథలో పుట్టకుండా చేశాను. ఖాళీ అయిన చోటంతా గూడ్సు బండితో నింపాను.

నేను ముగించాక మా కోడలు లేచింది. వంటింట్లోకి వెళ్ళి, కాచి చల్లార్చిన నీళ్ళ బిందె రెండు చేతులా ఎత్తుకొచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. దాని మీద చెంబు బోర్లించింది. చిన్న గ్లాసు కాదు, చెంబు. మనవరాలు తాగుతుంటే అటు తిరిగి నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా కొడుక్కి ఫోను చేసింది. సాయంత్రం కాకముందే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ బిడ్డను చూసి రెండు రోజులు ఉంచుకుంది, తల్లికి కూడా నాలుగు చీవాట్లు పెట్టి నీళ్ళు తాగించింది. మా కోడలు ఆ చీవాట్లు తనవేనని ఒప్పుకుందట. అవి నావి.

ఇప్పుడు ఆ పిల్ల బోర్లాపడుతోంది. నా కళ్ళజోడు లాగుతుంది. మితానిన్ వచ్చినప్పుడల్లా తూకం చూసి నాకేసి వేలు చూపిస్తుంది, బరువు పెరిగింది చూడు బాబా అని. ఆవిడకు నా సంగతి తెలియదు. తెలిసినవాళ్ళకు ముఖం చూపించడం కన్నా ఆవిడ నవ్వును ఎదుర్కోవడమే నాకు కష్టంగా ఉంది.

ఎవరింట్లో పురుడైనా నేను బిడ్డ ముఖం కన్నా ముందు మంచం పక్కన నీళ్ళున్నాయా అని చూస్తాను. కాయం మాత్రం ముట్టను. బాలింత కోసం శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి చేసే ఆ ఉండలంటే మా ఇంట్లో పెద్దవాళ్ళూ ఎగబడతారు. మా నాయనమ్మ వాటిని డబ్బాలో పెట్టి తాళం వేసేది. నాకు షుగరు అని చెప్పి తప్పుకుంటాను. షుగరు రాకముందు నుంచీ అదే చెబుతున్నాను.

ఇదంతా రాసి, మా అక్కకు చూపు ఆనదు కాబట్టి చదివి వినిపించాను. మొదటి నుంచి చివరి దాకా కదలకుండా విన్నది. కాగితాలు మడిచాక, ఈసారి అంతా నిజమే రాశాను కదక్కా అన్నాను.

"జూట్," అంది. "నాయనమ్మ నీ చెవి మెలెయ్యలేదురా. నువ్వే వంటింట్లోకెళ్ళి, కాయం ఉండ పెడితే ఓ మాట చెప్తానన్నావు. పెట్టింది. సగం నాకు తెచ్చి ఇచ్చేవు. ఎందుకొచ్చిందో తెలిసే తిన్నాను. అదీ రాయి."